హన్మకొండ ఇంట్లో నెట్ మార్పు: రాగి లైను నుంచి ఫైబర్‌కి – ప్రాజెక్టు డైరీ

ఆదివారం: పాత లైను కొలతలు

ఇల్లు గోపాలపూర్ వైపు. 30కి 50 అడుగుల జాగ, అంటే దాదాపు 166 గజాలు. కింద ఒక పోర్షను, బంగ్లా మీద ఒక పోర్షను. బయటి గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక, లోపలివి నాలుగున్నర అంగుళాలు, మధ్యలో ఇనుప చువ్వల స్లాబు. కింద టీవీ, నాలుగు కెమెరాల డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె), ఫోన్లు ఉన్నాయి. పైన ఇంటి నుంచే ఆఫీసు పని చేసేవాళ్లు ఇద్దరు. వాళ్లకు పొద్దంతా వీడియో కాల్స్ ఉంటాయి.

పాత కనెక్షను కేబుల్ నెట్ తరహాది. గల్లీ చివరి స్తంభం దాకా ఫైబర్ వస్తుంది. అక్కడ డబ్బాలో చిన్న స్విచ్ ఉంటుంది. దాని నుంచి ఇంటికి క్యాట్5 రాగి వైరు వస్తుంది. పేరుకు 50 ఎంబీపీఎస్ ప్లాను.

కంపెనీ మార్చే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: లోపం లైనుదా, ఇంట్లోని వైఫైదా? బంగ్లా మీద సిగ్నలు అందని ఇంట్లో ఎన్ని కంపెనీలు మార్చినా పైన వీడియో కాల్ తెగుతూనే ఉంటుంది. చాలామంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే. అందుకని మొదటి కొలతలన్నీ లాప్‌టాప్‌ను వైరుతో నేరుగా రౌటరుకు కలిపి తీసుకున్నాం. వైఫై ఆపేశాం, డీవీఆర్ వైరు పీకేశాం.

పొద్దున ఏడింటికి డౌన్‌లోడు 48, అప్‌లోడు 46. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య డౌన్‌లోడు 11 నుంచి 14. స్పీడు టెస్టు అంకె ఒక్కటే చూస్తే కారణం తెలియదు, అందుకే పక్కనే రెండు పింగ్‌లు (అవతలి యంత్రం నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచేవి) నడిపాం. ఒకటి పీపీపీఓఈ (యూజరు పేరు, పాస్‌వర్డుతో కంపెనీ లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) కలిశాక రౌటరు స్టేటస్ పేజీలో కనిపించే ప్రొవైడర్ గేట్‌వేకి, అంటే కంపెనీ వైపు మొదటి యంత్రానికి, రెండోది బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8కి. పొద్దున గేట్‌వే 2 మిల్లీసెకన్లలో జవాబిచ్చింది. రాత్రి అదే గేట్‌వే 40 నుంచి 180 మధ్య ఊగింది, మధ్యలో కొన్ని ప్యాకెట్లు రానే లేదు. గేట్‌వే బాగుండి 8.8.8.8 ఒక్కటే ఆలస్యమైతే లోపం ప్రొవైడర్ పైలైనులో ఉన్నట్టు. గేట్‌వే దగ్గరే ఊగుతోందంటే గల్లీకి, వాళ్ల ఆఫీసుకు మధ్య లైను కిక్కిరిసినట్టు. ఇక్కడ రెండోదే. ప్లాను పెంచితే ఇది తీరదు, ఎందుకంటే ఇరుకు మన వాటాలో లేదు, అందరూ కలిసి వాడే దారిలో ఉంది.

రాగి లైనుకు ఇంకో రెండు గుణాలున్నాయి. స్తంభం మీది స్విచ్‌కు కరెంటు కావాలి. గల్లీలో కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా నెట్ ఉండదు. ఉరుములు, గాలిదుమారం వచ్చే మే, జూన్ నెలల్లో స్తంభం నుంచి వచ్చే రాగి వైరు పిడుగుపాటు సర్జ్‌ను (ఒక్కసారిగా ఎగసే కరెంటును) నేరుగా రౌటరు వ్యాన్ పోర్టులోకి (బయటి లైను గుచ్చే చోటుకు) తెస్తుంది. పోర్టు కాలిపోయిన రౌటర్లు ఈ కాలంలో రిపేరు షాపుల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. జీపాన్ ఫైబర్‌లో (ఒకే పోగును ఎన్నో ఇళ్లకు పంచే పద్ధతిలో) స్తంభం మీద ఉండేది స్ప్లిటర్, అంటే వెలుగును భాగాలుగా పంచేది. అది గాజు పరికరం, దానికి కరెంటు అక్కర్లేదు. ఇక్కడ మార్పుకు ఇదే అసలు కారణం, వేగం దాని తర్వాతే.

మంగళవారం: గల్లీలో ఆరా

వెబ్‌సైటులో పిన్‌కోడు కొడితే "మీ ప్రాంతంలో సేవ ఉంది" అనే వస్తుంది. దానికి విలువ తక్కువ. ఇంటికి వంద మీటర్ల లోపు ఎవరి డబ్బా ఉంది, అందులో ఖాళీ పోర్టు ఉందా అన్నదే తేల్చాలి. గల్లీ అంతా నడిచి స్తంభాల మీది డబ్బాలు చూశాం. వాటి మీద కంపెనీ పేరు, డబ్బా నంబరు రాసి ఉంటాయి. ఫోటో తీసుకుని సేల్స్ మనిషికి ఆ నంబరే చెబితే "చూసి చెప్తా" అనే మాట లేకుండా పోర్టు సంగతి తేలుతుంది.

బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, వీటితో పాటు స్థానిక కేబుల్ ఆపరేటర్ల ఫైబర్ హన్మకొండ, కాజీపేట కాలనీల్లో దొరుకుతాయి. ఏది మంచిదన్న ప్రశ్నకు ఊరంతటికీ ఒకే జవాబు లేదు. పక్క గల్లీలో బాగా నడిచే కంపెనీయే ఈ గల్లీలో నిండిపోయిన స్ప్లిటరు మీద ఉండొచ్చు. అందుకే అడగాల్సింది పక్కింటివాళ్లనే. అడిగేటప్పుడు "నెట్ బాగుందా?" అంటే లాభం లేదు. "రాత్రి తొమ్మిదింటికి ఎట్లుంటది? పోయిన వానాకాలంలో లైను తెగితే ఎప్పటికి అతికిచ్చిన్రు?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

కంపెనీవాళ్లను అడిగి రాయించుకున్నవి: అప్‌లోడు కూడా డౌన్‌లోడంత ఇస్తారా, డేటా ఎన్ని జీబీ దాటితే వేగం తగ్గుతుంది, తగ్గాక ఎంత ఉంటుంది, ఓఎన్‌టీ బాక్సు (ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే పెట్టె) మనదా అద్దెదా, మానేస్తే ఏం తిరిగి ఇవ్వాలి, లోపలిదాకా డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికి వచ్చే ఫైబర్ వైరు) ఎన్ని మీటర్లు ఉచితం. నెల రేటు మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. బోర్డు మీద 599 అని ఉంటే కట్టేది 706 రూపాయల 82 పైసలు, 699 అయితే 824 రూపాయల 82 పైసలు. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం లాంటివి ఊరిస్తాయి కానీ కొత్త లైను మీద మొదట నెలవారీయే మేలు. ఏడాది సొమ్ము ముందే కట్టినవాళ్లకు బేరమాడే బలం ఉండదు.

ల్యాండ్‌లైను సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. మొబైల్ నంబరులాగా ల్యాండ్‌లైను నంబరును వేరే కంపెనీకి పోర్టు చేసుకునే వీలు మన దగ్గర లేదు. బ్యాంకులో, గ్యాసు బుకింగులో, బడి రికార్డుల్లో పాత నంబరు ఉంటే ముందే మార్పించాలి.

పత్రాలు: ఆధార్, ఫోటో, ఇల్లు సొంతదైతే ఎన్పీడీసీఎల్ కరెంటు బిల్లు. కిరాయి ఇల్లయితే కిరాయి ఒప్పందం, ఇంటి యజమాని పేరున్న కరెంటు బిల్లు. గోడకు రంధ్రం వేయడానికి యజమాని ఒప్పుకోలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంటే తర్వాత పేచీ రాదు.

వాడకం లెక్క వేస్తే 100 ఎంబీపీఎస్ చాలు. ఒక హెచ్‌డీ వీడియోకు 5, 4కే వీడియోకు 25, ఒక వీడియో కాల్‌కు రెండు వైపులా 3 నుంచి 4 ఎంబీపీఎస్ పడుతుంది. అన్నీ ఒక్కసారి నడిచినా 60 దాటదు. 300 ప్లానుకు పెట్టే డబ్బును పైఅంతస్తు యాక్సెస్ పాయింటుకు (వైఫైని పంచే రెండో పెట్టెకు), యూపీఎస్‌కు పెడితే ఇంట్లోవాళ్లకు తేడా ఎక్కువ తెలుస్తుంది.

గురువారం: సామాను, ముందస్తు పని

కంపెనీ మనిషి వచ్చేలోపే ఇంటివైపు దారి సిద్ధంగా ఉండాలి. అతనికి రోజుకు చాలా ఇళ్లు ఉంటాయి. దారి లేకపోతే కిటికీ సందులోంచి వైరు తోసి, టీవీ వెనక బాక్సు పెట్టి వెళ్తాడు.

తెప్పించినవి: ప్యూర్ కాపర్ క్యాట్6 వైరు 25 మీటర్లు, ఆర్‌జే45 జాకులు 10, 25 ఎంఎం పీవీసీ పైపు 3 మీటర్లవి నాలుగు, వాటికి శాడిళ్లు, బెండులు, లోపల గోడకు 20 ఎంఎం కేసింగ్ పట్టీ 2 మీటర్లవి ఐదు, సిలికాన్ ట్యూబు ఒకటి, 12 వోల్టుల డీసీ మినీ యూపీఎస్‌లు రెండు.

క్యాట్6 పేరుతో అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు కూడా మార్కెట్లో దొరుకుతుంది. బ్లేడుతో తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది త్వరగా విరుగుతుంది, జాకులో పట్టు వదులుతుంది. అది వద్దు.

బాక్సు జాగ మెట్ల కింది హాలు గోడ, ఐదడుగుల ఎత్తు. కారణాలు మూడు. ఇంటికి నడిమధ్య కాబట్టి కింది గదులన్నిటికీ ఒకే గోడ అడ్డం వస్తుంది. మెట్ల పక్కన స్లాబులో ఖాళీ ఉంది కాబట్టి పైకి క్యాట్6 లాగడం సులువు. మూడోది నీళ్లు: 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి వరద వచ్చింది. పల్లపు గల్లీల్లో టీవీ స్టాండు కింద బాక్సు పెట్టడం తప్పు.

బయట వైరు దారి పిట్టగోడ మీదుగా వద్దనుకున్నాం. మన దగ్గర ఫైబర్‌కు మొదటి శత్రువు కోతులు. స్తంభం నుంచి మేడకు వేలాడే వైరు వాటికి ఊయల, ఒక గుంపు ఒకసారి ఊగితే కనెక్టరు లోపల గాజుపోగు జారిపోతుంది. తర్వాతివి ఉడుతలు, అవి వైరు పైతొక్కు కొరుకుతాయి. అందుకని స్తంభం నుంచి వచ్చే వైరు సజ్జ కిందే హుక్కుకు బిగిసి, అక్కడి నుంచి గోడ వెంట పీవీసీ పైపులో దిగేలా దారి వేశాం. గోడలో రంధ్రాన్ని బయటివైపు కిందికి వాలేలా 12 ఎంఎం బిట్టుతో లోపలినుంచి వేశాం. వాలు తిరగబడితే వాననీళ్లు వైరు పట్టుకుని లోపలికి వస్తాయి.

కరెంటు వైర్ల పైపు ఖాళీగా ఉంది కదా అని అందులోకి నెట్ వైరు తోయొద్దు. డ్రాప్ వైరులో ఇనుప తీగ ఉండొచ్చు. క్యాట్6 ఎటూ రాగే. ఇన్సులేషను దెబ్బతింటే 230 వోల్టులు బాక్సు దాకా వస్తాయి.

శనివారం: ఫైబర్ లాగిన రోజు

సాంకేతిక నిపుణుడు వచ్చీరాగానే అడగాల్సింది ఒక్కటే: "అన్నా, డబ్బా దగ్గర మీటరు పెట్టి రీడింగ్ ఒక్కసారి చూపెట్టవా?" పవర్ మీటరు (ఫైబర్‌లో వెలుగు బలం కొలిచేది) ఉన్న మనిషి కాదనడు. మీటరు 1490 నానోమీటర్ల మీద ఉండాలి, ఇంటికి వచ్చే వెలుగు ఆ తరంగదైర్ఘ్యానిదే. ఇంటినుంచి వెళ్లేది 1310.

ఎంత రావాలో ముందే లెక్కేసుకోవచ్చు. కంపెనీ ఆఫీసులో ఓఎల్‌టీ (ఇళ్లకు వెలుగు పంపే యంత్రం) నుంచి వెలుగు సుమారు ప్లస్ 4 డీబీఎంతో (ఇది వెలుగు బలం కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ వెలుగు తక్కువ) బయలుదేరుతుంది అనుకుందాం. దారిలో ఎనిమిది భాగాల స్ప్లిటర్లు రెండు, ఒక్కోటి దాదాపు 10.5 తింటుంది, మొత్తం 21. మూడు కిలోమీటర్ల ఫైబర్‌కు ఇంచుమించు 1. కనెక్టర్లకు, అతుకులకు మరో 1. ప్లస్ 4 నుంచి 23 తీసేస్తే మైనస్ 19. బాక్సు మైనస్ 27 దాకా పట్టుకోగలదు. మైనస్ 8 కన్నా బలంగా వచ్చినా మంచిది కాదు. ఆచరణలో మైనస్ 16 నుంచి 23 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 25 దగ్గర ఆ రోజుకు నడుస్తుంది, వానాకాలంలో కనెక్టరులో కాస్త తేమ చేరగానే ఆగిపోతుంది. "గ్రీన్ లైటు వచ్చింది కదా సార్" అన్న మాటతో తృప్తి పడొద్దనేది ఇందుకే.

గల్లీ డబ్బా పోర్టులో వచ్చిన రీడింగు మైనస్ 18.9. లెక్కకు సరిపోయింది.

స్తంభం నుంచి సజ్జ దాకా డ్రాప్ వైరు ఒకే ముక్కగా, మధ్యలో జాయింటు లేకుండా లాగించాం. గల్లీ అడ్డంగా దాటేచోట లారీ, డీసీఎం ఎత్తు చూసుకోవాలి. కరెంటు తీగలకు దూరంగా, వాటికి కింద రావాలి. స్తంభం ఎక్కే పని కంపెనీవాళ్లదే, ఇంటివాళ్లు నిచ్చెన పట్టుకుని సాయం చేయబోవడం కూడా మంచిది కాదు. సజ్జ హుక్కు దగ్గర మోసే ఇనుప తీగను చీల్చి అక్కడే చుట్టి కత్తిరించాలి. ఆ తీగ లోపలికి వస్తే ఫైబర్ వేసీ పిడుగు భయం వదలనట్టే. గాజుపోగున్న భాగం మాత్రమే లోపలికి వస్తుంది. రంధ్రం ముందు వైరును కాస్త కిందికి వంచి పైకి తెచ్చి లోపలికి పంపించాం, వాననీళ్లు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతాయి. తర్వాత సిలికాన్.

మిగులు వైరు నాలుగైదు మీటర్లు తప్పక ఉంచాలి. కనెక్టరు చెడినప్పుడల్లా కొసన కాస్త కోసి మళ్లీ కట్టాలి, మిగులు లేకపోతే లైనంతా కొత్తగా లాగాలి. ఆ మిగులును అరచేయంత వెడల్పు చుట్టగా చుట్టి పెట్టాం. ఇళ్లలో వాడే జీ657ఏ2 పోగు 7.5 ఎంఎం వంపు వ్యాసార్థం దాకా తట్టుకుంటుంది. పాత జీ652డీకి 30 ఎంఎం కావాలి. ఏది వచ్చిందో తొక్కు మీద అచ్చులో ఉంటుంది. దర్వాజ మూలల్లో మేకు క్లిప్పు గట్టిగా కొట్టడమే ఎక్కువ నష్టం చేస్తుంది. పోగు విరగదు, నలుగుతుంది, కొన్నాళ్లకు వెలుగు తగ్గుతుంది.

వైరు లోపలికి వచ్చాక కొసకు ఫాస్ట్ కనెక్టరు (మిషను లేకుండా చేత్తో బిగించేది) వేశారు. రీడింగు మైనస్ 23.4. డబ్బా దగ్గర 18.9 ఉన్నది 40 మీటర్ల వైరుకు 4.5 తగ్గడానికి వీల్లేదు. ఆ దూరానికి పోగు తినేది 0.02 కూడా ఉండదు. కాబట్టి లోపం కనెక్టరులోనో, స్తంభం దగ్గరి కొసలోనో ఉండాలి. ఎర్ర లేజరు పెన్ను పెట్టి చూస్తే ఇంటివైపు కనెక్టరు ఒళ్లంతా ఎర్రగా వెలిగింది, అంటే వెలుగు అక్కడే కారిపోతోంది. కారణం మామూలే, పోగు కొస నిటారుగా తెగలేదు.

ఆ పని సరిగ్గా జరగాలంటే: పైతొక్కు ఐదు సెంటీమీటర్లు తీసి, 250 మైక్రాన్ల రంగుపూత స్ట్రిప్పరుతో ఒక్క లాగుడులో తీసి, 125 మైక్రాన్ల ఉత్త గాజును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన నూలు రాలని గుడ్డతో తుడిచి, క్లీవర్‌లో (గాజును నిటారుగా కోసే పరికరంలో) కోసి, ఇక వేలు తగలకుండా కనెక్టరులోకి తోయాలి. పోగు వెనక కాస్త విల్లులా వంగితే లోపల గాజుకు గాజు ఆనినట్టు. అప్పుడే లాక్ నొక్కాలి. చొక్కా కొసతో తుడవడం, కత్తెరతో కోయడం కంటికి తేడాగా కనిపించవు, మీటరుకు కనిపిస్తాయి.

ఇక్కడ ఫాస్ట్ కనెక్టరు తీసేయించి, స్ప్లైసింగ్ మిషనుతో (పోగులను కరిగించి అతికేదానితో) పిగ్‌టెయిల్ (కనెక్టరు ముందే బిగించి వచ్చే చిన్న పోగు) అతికించమని అడిగాం. మిషను అతుకుకు నష్టం 0.1 లోపే. రీడింగు మైనస్ 19.4కు వచ్చింది. మిషను అందరి దగ్గరా ఉండదు, మళ్లీ తెస్తానంటే ఆగడమే మంచిది. కోసిన గాజు ముక్కలను టేపుకు అంటించి పారేయించాలి, చాపల మీద కూర్చునే, చెప్పుల్లేకుండా నడిచే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. పోగు కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు, ఆ వెలుగు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

కనెక్టరు రంగు కూడా చూడాలి. పచ్చది ఏపీసీ, దాని కొస 8 డిగ్రీల వాలుగా ఉంటుంది. నీలిది యూపీసీ. పచ్చదాన్ని నీలి పోర్టులో పెడితే దూరుతుంది, కానీ గాజుకు గాజు ఆనదు. నష్టం పెరుగుతుంది, వెలుగు వెనక్కి కొడుతుంది. బాక్సు పోర్టు ఏ రంగో పిగ్‌టెయిల్ అదే రంగు.

బాక్సు ఆన్ చేశాక ఎల్ఓఎస్ ఎర్ర లైటు (వెలుగు అందడం లేదనే సూచన) ఆరిపోవాలి. పాన్ లైటు మిణుకుతుంటే వెలుగు అందుతోంది కానీ ఓఎల్‌టీ ఇంకా ఒప్పుకోలేదని అర్థం. బాక్సు సీరియల్ నంబరు వాళ్ల సిస్టంలో ఎక్కాకే అది నిలకడగా వెలుగుతుంది. ఫోన్లో సీరియల్ చదివి వినిపించేటప్పుడు సున్నాకు, ఓ అక్షరానికి తేడా పోతుంది, ఫోటో పంపించడమే మేలు. పనయ్యాక వచ్చే ఓటీపీని వైరుతో వేగం చూసిన తర్వాతే చెప్పాం. ఓటీపీ చెబితే కంపెనీ లెక్కలో పని పూర్తయినట్టే, తర్వాత ప్రతి చిన్న లోపానికీ కొత్త కంప్లయింటు ఎక్కించాలి.

ఆదివారం: సెట్టింగులు, బంగ్లా మీది వైఫై

వైఫై పేరు, పాస్‌వర్డు పాత రౌటరువే కొత్త బాక్సులో పెట్టాం, అక్షరం తేడా లేకుండా. భద్రత రకం కూడా పాతదే, డబ్ల్యూపీఏ2. దీంతో ఫోన్లు, టీవీ, ప్రింటరు ఏదీ ముట్టుకోకుండానే కలిశాయి. పరీక్షలు నడిచే వారంలో పాత లైను మీద వైఫై ఉండకూడదు, లేకపోతే ఏ ఫోను ఏ లైను మీద ఉందో తెలియదు.

డీవీఆర్ దగ్గర ఆగాల్సి వచ్చింది. దానికి 192.168.1.108 అని స్థిరమైన చిరునామా ఉంది, గేట్‌వే 192.168.1.1. కొత్త బాక్సు లోపలి చిరునామా 192.168.100.1. ఇవి రెండూ వేరు వరుసలు, డీవీఆర్ ఇక బయటికి పోలేదు. డీవీఆర్‌లో మార్చడం కన్నా బాక్సు లాన్ (ఇంటి లోపలి) చిరునామానే 192.168.1.1గా మార్చడం సులువు. డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు తానే ఇచ్చే ఏర్పాటు) పంచే వరుసను 20 నుంచి 99 దాకా పెడితే 108తో గొడవ రాదు.

కెమెరాలను బయటినుంచి చూసేది పోర్టు ఫార్వార్డింగ్ (బయటినుంచి వచ్చే కనెక్షనును రౌటరు నేరుగా డీవీఆర్‌కు పంపే) పద్ధతిలోనైతే ఇంకో అడ్డంకి ఉంటుంది. బాక్సు వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్, ఒకే పబ్లిక్ చిరునామాను కంపెనీ ఎన్నో ఇళ్లకు పంచుతోందని అర్థం. ఇక ఫార్వార్డింగ్ ఎంత సరిగ్గా పెట్టినా పనిచేయదు. డీవీఆర్‌లో పీ2పీ (తయారీదారు సర్వరు ద్వారా ఫోనును కలిపే పద్ధతి) ఆన్ చేసి, క్యూఆర్ కోడు స్కాన్ చేసి యాప్‌లో చేర్చడమే దారి. ఇక్కడ అదే చేశాం. స్థిర చిరునామా కావాలంటే కొన్ని కంపెనీలు నెలకు అదనంగా తీసుకుని ఇస్తాయి, ఇంటి కెమెరాలకు ఆ ఖర్చు అక్కర్లేదు.

పాత రౌటరును పారేయలేదు, బంగ్లా మీద యాక్సెస్ పాయింటుగా మార్చాం. దాని లాన్ చిరునామా 192.168.1.2 పెట్టి, డీహెచ్‌సీపీ ఆపేసి, కింది బాక్సు నుంచి వచ్చే క్యాట్6ను దాని లాన్ పోర్టులో గుచ్చాలి. వ్యాన్ పోర్టులో గుచ్చితే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. నెట్ నడుస్తుంది కానీ పైవాళ్ల ప్రింటరు కిందివాళ్లకు కనిపించదు, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు మొరాయిస్తాయి.

క్యాట్6 జాకులు టీ568బీ వరుసలో: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం, గోధుమ జతల్లో ఏదో ఒక పిన్ను సరిగ్గా పట్టకపోయినా లింకు 1000 నుంచి 100కు పడిపోతుంది. నెట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. 100 ఎంబీపీఎస్ ప్లాను మీద స్పీడు టెస్టు సరిగ్గా 93, 94 దగ్గర కొట్టుకుంటుంటే మొదట ఇదే అనుమానించాలి. లాన్ టెస్టరులో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాకే పట్టీ మూత వేశాం.

కింద 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్ 1, పైన ఛానల్ 11, రెండూ 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో. 40 పెడితే వేగం పెరుగుతుందని ఆశపడతాం, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలతో గుద్దుకుని తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్ కింద 36, పైన 149. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెడితే కొన్ని చవక స్మార్ట్ ప్లగ్గులు, డోర్‌బెల్లులు కలవవు, వాటికి 2.4 మీద వేరే పేరు పెట్టాలి. అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డు లేకుండా బటన్‌తో వైఫై కలిపేది) ఆపేశాం.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగితే ఎంటీయూ (ఒక ప్యాకెట్టు గరిష్ట సైజు) చూడాలి. పీపీపీఓఈ లైను మీద అది 1492. విండోస్‌లో పింగ్‌కు ముక్కలు చేయొద్దనే ఆదేశం ఇచ్చి సైజు 1464 (1492లో హెడర్ల 28 బైట్లు పోను) పెడితే వెళ్లాలి, 1465 పెడితే వెళ్లకూడదు. ఇక్కడ అలాగే వచ్చింది.

కరెంటు: బాక్సు అడాప్టరు 12 వోల్టులు, వాడకం 10 వాట్ల లోపు. 8000 ఎంఏహెచ్ అని రాసిన మినీ యూపీఎస్‌లో సెల్లు 3.7 వోల్టులది కాబట్టి అసలు శక్తి 29.6 వాట్-అవర్లు. మార్పిడి నష్టం పోను రెండు గంటలకు కాస్త పైన వస్తుంది. డబ్బా మీది ఎంఏహెచ్‌ను 12 వోల్టులకు లెక్కేసి తొమ్మిది గంటలు వస్తుందని నమ్మొద్దు. ప్లగ్గు లోపలి పిన్ను 2.1, 2.5 ఎంఎం అని రెండు రకాలు, కొనేముందు అడాప్టరుతో సరిపోల్చాలి. ఇన్వర్టరు మీద నేరుగా పెట్టేవాళ్లు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో చూడాలి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ క్షణంలోనే బాక్సు రీస్టార్ట్ అవుతుంది, కాల్ తెగుతుంది. పై యాక్సెస్ పాయింటుకూ బ్యాకప్ కావాలి, రెండో యూపీఎస్ అందుకే.

రెండు లైన్లూ నడిచిన వారం

పాతది ఇంకా తీసేయలేదు. నెల సొమ్ము మిగిలే ఉంది, కొత్తది నమ్మకం కుదిరేదాకా అది ఉండాలి. పైపోర్షనులో ఆఫీసు పని చేసేవాళ్లకు ఒక్కరోజు ఖాళీ పడినా కష్టం.

వైరు మీద కొత్త లైను: పొద్దున 98 డౌన్, 97 అప్. రాత్రి తొమ్మిదింటికి 96, 95. గేట్‌వే పింగ్ 3 నుంచి 5 మిల్లీసెకన్లు, ప్యాకెట్లు పోలేదు. పెద్ద ఫైలు అప్‌లోడు అవుతుండగా పింగ్ చూడడం మరిచిపోకూడదు. కాల్స్ తెగేది సాధారణంగా అప్పుడే. అప్‌లోడు నిండినప్పుడు పింగ్ 120కి పోయింది. పైఅంతస్తు లాప్‌టాప్‌లో క్లౌడ్ బ్యాకప్ వేగాన్ని 40 ఎంబీపీఎస్‌కు కట్టడి చేస్తే 15 లోపలే నిలిచింది. పైన, కింది నాలుగు గదుల్లో 5 గిగాహెర్ట్జ్ మీద 80 తగ్గలేదు. వెనక వంటింట్లో మాత్రం 2.4 మీద 35 వచ్చింది, అక్కడ ఫోను వాడకమే కాబట్టి వదిలేశాం.

ఒక సాయంత్రం గల్లీలో కరెంటు పోయింది. పాత లైను అప్పుడే చచ్చింది, కొత్తది యూపీఎస్ మీద నడిచింది. రాత్రి వాన తర్వాత బాక్సు స్టేటస్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (అందే వెలుగు) మైనస్ 19.7, టీఎక్స్ (పంపే వెలుగు) ప్లస్ 2.3. ఎక్కడా తేమ చేరలేదు.

పాతది మూసివేత

ఫోన్లో చెబితే చాలదు. ఈమెయిలులో గానీ యాప్‌లో గానీ డిస్కనెక్షను అడిగి, కంప్లయింటు నంబరు తీసుకోవాలి. అద్దె బాక్సు ఉంటే అడాప్టరుతో సహా ఇచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోవాలి. అడాప్టరు లేదని డిపాజిట్‌లో కోత పెట్టడం ఎక్కువగా జరిగే పని. యూపీఐలో ఆటోపే ఉంటే ఆ మాండేటును మన యాప్‌లోనే రద్దు చేయాలి, లైను ఆగినంత మాత్రాన అది ఆగదు. ఈ లైనుకు డిపాజిట్ వెనక్కి రావడంలో జాప్యం అయితే మెట్లు ఇవి: మొదట కంపెనీ కంప్లయింటు సెంటరు, అక్కడ తీరకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీ, వినియోగదారుల హెల్ప్‌లైను 1915.

స్తంభం నుంచి ఇంటికి వేలాడే పాత క్యాట్5ను విప్పి తీసుకెళ్లమని కూడా అదే రాతలో అడిగాం. ఇంటి కొస కోసి వదిలేస్తే అది గల్లీలోకి జారి బండిమీద పోయేవాళ్ల మెడకు తగులుతుంది. పైగా అది రాగి, స్తంభం మీద ఎక్కడో కరెంటు తీగకు ఆనితే కింది కొస దాకా కరెంటు వస్తుంది. విప్పేదాకా ఇంటి కొసను టేపు చుట్టి, ఎవరికీ అందని ఎత్తులో సజ్జ కింద కట్టేశాం.

బాక్సు పక్కన గోడకు అంటించిన చీటీలో రాసినవి: కస్టమర్ నంబరు, గల్లీ డబ్బా నంబరు, పోర్టు నంబరు, బాక్సు సీరియల్, పీపీపీఓఈ యూజరు పేరు, లైను వేసిన తేదీ, ఆనాటి ఆర్ఎక్స్ మైనస్ 19.4. పాస్‌వర్డులు చీటీ మీద లేవు. ఎప్పుడైనా నెట్ నెమ్మదిస్తే ముందు స్టేటస్ పేజీలో ఆర్ఎక్స్ చూడాలి. మైనస్ 22 దాటితే "నెట్ స్లో ఉంది" అని కాకుండా "ఆర్ఎక్స్ 19 నుంచి 22కు పడింది, కనెక్టరు చూడండి" అని కంప్లయింటు ఇవ్వాలి. అట్లా చెబితే మీటరున్న మనిషినే పంపిస్తారు.